అల్ వుకైర్ క్యాంప్‌లో ట్రంక్ లైన్

3 నవంబర్ 2019, ఆదివారం

గల్ఫ్‌లో స్టేడియం పనివాళ్ళ క్యాంప్. రెండు బ్లాకులు, మధ్య ఒకే కేబుల్. ఆఫీసు, ఫోన్ గది వైఫై రెండూ దాని మీదే వెళ్ళాలి. అంటే ట్రంక్. ఏ నెట్‌వర్క్‌లను దాటనివ్వాలో రెండు చివర్ల స్విచ్‌లకూ జాబితా ఇచ్చాను: ఆఫీసు 10, ఫోన్ గది 20. మధ్యాహ్నానికి పని చేసింది. గాలి చల్లబడింది. బాగుంది.

5 నవంబర్

అలమరలో పాత నోట్‌బుక్. నేను పరీక్షకు చదివేటప్పుడు నా భార్య గ్రేస్ ప్రశ్నలు అడిగేది, నా తప్పులు రాసి పెట్టేది. నెట్‌వర్క్ గురించి తనకు ఒక్క ముక్క తెలియదు. "తప్పు. మళ్ళీ చెప్పండి."

తను పోయి పద్నాలుగు నెలలు.

తెరవలేదు. బ్యాగులో పెట్టుకున్నాను.

7 నవంబర్

ఫోన్ గదిలో నర్సయ్య. జగిత్యాల వైపు మనిషి, సైట్‌లో ఇనుము కడతాడు. నెలన్నర పాప, ఇంకా చూడలేదు. ఇంట్లో వీడియో వచ్చే ఫోన్ లేదు. రేపు బామ్మర్ది తెస్తాడట.

"రేపు గీ వైఫై పోదు గద సార్?"

పోదన్నాను.

8 నవంబర్, శుక్రవారం

ఇక్కడ సెలవు శుక్రవారమే. చర్చిలో ఆరాధన ముగించుకుని వస్తుంటే మేనేజర్ ఫోన్. కెమెరాలు ఈరోజే కావాలి. "యల్లా, త్వరగా కానివ్వు, ఒక్క లైన్ పని!"

శుక్రవారం, అందరూ ఇళ్ళకు ఫోన్ చేసుకునే వేళ ట్రంక్ ముట్టుకోకూడదని నా నియమం. ముట్టుకున్నాను.

కెమెరాల నంబర్ 30. జాబితాకు కలపాలి. కలపమని చెప్పే మాట, యాడ్, రాయకుండా ఉత్త 30 కొట్టాను. అలా కొడితే పాత జాబితా మొత్తం పోతుంది. పోయింది. అవతలి బ్లాకులో కేకలు...

మూడు నంబర్లూ మళ్ళీ రాశాను. నాలుగు నిమిషాలు. పరుగున వెళ్ళాను. నర్సయ్య ఫోన్‌లో పాప — కళ్ళు మూసుకుని.

"అప్పుడే కండ్లు తెరిచింది సార్, బంద్ అయ్యింది. మల్ల కలిసేసరికి పండుకుంది."

"తప్పు నాదే, నర్సయ్యా."

"పండుకున్నా నా బిడ్డనే గద సార్!"

పక్క మంచం మనిషి: "అచ్చం నీ లెక్కనే. డ్యూటీ టైముకే నిద్ర!"

అందరూ నవ్వారు. నేనూ.

9 నవంబర్

నోట్‌బుక్ తెరిచాను. ఎర్ర ఇంకుతో గ్రేస్ రాత: 'యాడ్ మరిచిపోయారు. మూడోసారి.'

చాలాసేపు నవ్వుకున్నాను.

గేటు దగ్గర నర్సయ్య ఎదురొచ్చాడు. నిన్న సాయంత్రం మళ్ళీ చేశాడట, పాప మేలుకునే ఉందట. "మా ఇంటామె మీకు నమస్తే చెప్పమన్నది సార్. మేడమ్‌కు గూడ చెప్పుండ్రి."

చెప్తానన్నాను.

నోట్‌బుక్ బల్ల మీద ఉంది. ఆ పేజీ దగ్గరే. ఇంకా మూయలేదు...