లైసెన్సు మీద ఇంటిపేరు

సెప్టెంబర్ 6, శనివారం

రైఫిల్ కొన్నాను. చేతికి మాత్రం రాలేదు.

వెదర్‌ఫోర్డ్ దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న గన్ షాప్ ఉంది. జూన్‌లో రెస్ట్‌రూమ్ కోసం ఆగి, గోడ మీదున్న పాత మార్లిన్ రైఫిల్‌ని చూసి అక్కడే మనసు పారేసుకున్నాను. 1955లో చేసిన లీవర్ యాక్షన్. మా నాన్న కంటే రెండేళ్ళు పెద్దది. ట్రిగర్ చుట్టూ ఇనుప లీవర్. కిందికి తోస్తే పేలిన తూటా డొల్ల బయటికొస్తుంది, పైకి లాగితే కొత్తది లోపలికెళ్తుంది. అంతే దాని టెక్నాలజీ. రోజంతా క్లౌడ్ మైగ్రేషన్‌లు చేసేవాడికి అదెంత ముద్దొచ్చిందో చెప్పలేను.

H-1B వాళ్ళకి గన్ అమ్మరని ఆఫీస్‌లో అందరూ అంటారు. తప్పు. హంటింగ్ లైసెన్స్ ఉంటే అమ్మొచ్చు. ఆన్‌లైన్‌లో కోర్స్ చేశాను, ఎగ్జామ్ రాశాను, లైసెన్స్ తీసుకున్నాను. కౌంటర్‌లో అమ్మాయి వీసా అనగానే కుదరదంది. ఫారమ్ వెనక రూల్ చూపించాను. పన్నెండేళ్ళుగా వీసా రూల్స్ చదివీ చదివీ సగం లాయర్‌నయ్యాను మరి. ఓనర్ డ్వేన్ డెబ్బై దాటిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఈయన చెప్పిందే కరెక్ట్ అన్నాడు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ‘డిలేడ్’ అని వచ్చింది. మూడు బిజినెస్ డేస్ ఆగాలట. గ్రీన్ కార్డ్ క్యూలో నిలబడ్డవాణ్ణి మూడు రోజులతో భయపెడతారా!

అసలు రాయాల్సింది ఇది కాదు. లైసెన్స్ చూసి డ్వేన్ షాపంతా వినేలా మిస్టర్ బోయా అని పిలిచాడు. తెలుగువాళ్ళెవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అలా చూసినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

సెప్టెంబర్ 7

బోయ వీరాంజనేయులు. పాస్‌పోర్ట్‌లో ఇదే ఉంది. మా అనంతపురం వైపు స్కూల్లో చేర్చుకునేటప్పుడు మమ్మల్ని ఇంటిపేరు అడగలేదు, కులాన్నే ఇంటిపేరుగా రాసేశారు.

మేముండే ఇర్వింగ్‌లో నేను వీరా బి. బి అంటే ఏంటని 2013లో, కొత్తగా పరిచయమైన తెలుగువాడు శశికాంత్ అడిగాడు. బెజవాడ అన్నాను. నోటికి అదే వచ్చింది. నేను బెజవాడ చూసింది రెండుసార్లు, రెండుసార్లూ బస్టాండే. శశికాంత్ మాత్రం మనవాడే అని భుజం తట్టాడు. మొత్తం ఆరు తెలుగు ఫ్యామిలీలు, ప్రతి వీకెండ్ ఎవరో ఒకరింట్లో భోజనాలు. పన్నెండేళ్ళుగా మనవాణ్ణే.

సెప్టెంబర్ 11, గురువారం

వచ్చింది. ఇంట్లో ఉంది. క్లాజెట్‌లో సేఫ్ బిగించాను. మా అమ్మాయి ఇషాకి పదేళ్ళు, దానికి కోడ్ తెలియకూడదని మా ఆవిడ ఉమ ఆర్డర్. ఇంకో ఆర్డర్ కూడా వేసింది. గీతాంజలి వాళ్ళకి ఈ సంగతి పొక్కకూడదట. గీతాంజలి శశికాంత్ భార్య. ఉమకి ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క ఫ్రెండ్. ఇషా పుట్టినప్పుడు పదిహేను రోజులు పత్యం వండి తెచ్చిన మనిషి.

సరే అన్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

డ్వేన్ షాప్ వెనకున్న షూటింగ్ రేంజ్‌లో పరువు పోయింది. కోసుగా, అందంగా ఉన్నాయని మొనదేలిన తూటాలు కొనుక్కెళ్ళాను. డ్వేన్ చూసి లాక్కున్నాడు. ఈ రైఫిల్‌లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుదాని అడుగున వెనకదాని మొన గుచ్చుకుంటే గొట్టంలోనే పేలొచ్చు. అందుకే మొద్దు ముక్కువే వాడాలట. ఆ మాత్రం తెలియకుండా డెబ్బై ఏళ్ళ తుపాకీ కొన్న వెధవని!

రెండో తప్పు. లీవర్‌ని నెమ్మదిగా, జాగ్రత్తగా లాగుతున్నాను. ప్రతిసారీ జామ్. దానికి మర్యాదలు చెయ్యకు, చివరిదాకా గట్టిగా కొట్టు అన్నాడు డ్వేన్. సాయంత్రానికి అలవాటైంది. భుజం కమిలిపోయింది. బాగుంది.

అక్టోబర్ 18, శనివారం. రాత్రి

కాపెల్‌లో శశికాంత్ ఇంట్లో దీపావళి పార్టీ. గన్ సంగతి ఇషా నోరు జారింది. శశికాంత్ ప్లేట్ పట్టుకుని నా దగ్గరికొచ్చి, తుపాకీ ఏంది బ్రో, వేటకెళ్తావా, నువ్వేమైనా బోయోడివా ఏంది అన్నాడు.

అందరూ నవ్వారు. మిగతా ఫ్యామిలీల్లో ఒకడు, ఫణికైతే పొలమారింది.

నేనూ నవ్వాను.

అక్టోబర్ 19

నిద్ర లేదు. నిన్న కార్‌లో ఇషా అడిగింది, బోయోడు అంటే బ్యాడ్ వర్డా డాడీ అని. కాదు, వేటగాడు అన్నాను. అది మన లాస్ట్ నేమ్ కదా, మరి వాళ్ళెందుకు లాఫ్ చేశారు, నువ్వెందుకు లాఫ్ చేశావ్ అంది. ఉమ రేడియో సౌండ్ పెంచింది.

సిగ్గుతో చచ్చాను. పదేళ్ళ పిల్ల ముందు.

నవంబర్ 1

జింకల వేట సీజన్ మొదటి రోజు. మొదటి దెబ్బ గురి తప్పింది. కంగారులో లీవర్ సగమే లాగాను. జామ్. జింక నన్ను తీరిగ్గా చూసి వెళ్ళిపోయింది.

నవంబర్ 15, శనివారం

కొట్టాను.

డ్వేన్ వాళ్ళ స్థలంలో, పొద్దున ఏడు దాటాక. దూరం వంద గజాలు కూడా లేదు. ఒకటే తూటా. దగ్గరికెళ్ళి చూస్తే ఇంకా వెచ్చగా ఉంది. గర్వమేసింది, ఏడుపూ వచ్చింది, రెండూ దాచుకోలేదు. కొయ్యడం డ్వేన్ నేర్పాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా అయ్యాయి.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. నిన్ను సదివిచ్చింది యాలరా, తుపాకీ పట్టుకునేకా అని తిట్టింది. కాసేపు తిట్టి, సరే గానీ తోలు యెట్ల వొలిచినావురా అని అడిగింది. అరగంట మాట్లాడింది. కుందేళ్ళకి మా తాత వల ఎలా కట్టేవాడో మొదటిసారి చెప్పింది. ఇన్నేళ్ళూ నేను అడగలేదు.

నవంబర్ 21

రేపటి పాట్‌లక్‌లో, అందరూ తలా ఒక వంట తెచ్చే చోట, బి అంటే ఏంటో చెప్పేస్తానన్నాను. ఉమ వద్దంది. చెప్తే బయటపడేది నువ్వొక్కడివే కాదు అంది. నా ఇంట్లో ఇక దాక్కునేది లేదు అన్నాను. గొంతు లేచింది. నాదే.

నవంబర్ 22, శనివారం

జింక మాంసం ఇగురు పెట్టి తీసుకెళ్ళాను. ధనియాలు, మిరియాలు, ఎండుకొబ్బరి, అమ్మ ఫోన్‌లో చెప్పిన కొలతలే. గిన్నె సగమైంది. గీతాంజలి రెసిపీ అడిగింది. శశికాంత్ రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

అప్పుడు చెప్పాను. బి అంటే బెజవాడ కాదు, బోయ. ఆ రోజు నువ్వన్నది కరెక్టే, నేను బోయోణ్ణే అన్నాను.

ఎవరూ నవ్వలేదు. శశికాంత్ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అరె అది జోక్ బ్రో, మనం అవన్నీ పట్టించుకోం కదా అన్నాడు. పట్టించుకోనివాడివి బి అంటే ఏంటని ఎందుకడిగావు, పన్నెండేళ్ళు మనవాడు మనవాడు అని ఎవర్ని అన్నావు అని అడిగాను. ఫణి ప్లేట్ తీసుకెళ్ళి సింక్‌లో పెట్టేశాడు. గీతాంజలి రెసిపీ మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను కూర్చుని, పెట్టుకున్నదంతా తిని మరీ లేచాను. ఒక్క మెతుకు వదల్లేదు.

నవంబర్ 27, థాంక్స్‌గివింగ్

మా ఆరు ఫ్యామిలీల గ్రూప్‌లో ఒక్క మెసేజ్ లేదు. అంటే ఇంకో గ్రూప్ పెట్టుకున్నారు. పెట్టుకోనీ.

ఉమ ఐదు రోజుల తర్వాత ఇవాళ మాట్లాడింది. నీ ధైర్యం నీకు బాగానే ఉంది, మధ్యలో పోయింది నా ఫ్రెండ్ అంది. నన్ను ఒక్కమాట అడిగావా అంది. అడగలేదు. సారీ అన్నాను. అది సరిపోదని నాకూ తెలుసు.

నవంబర్ 30, ఆదివారం

ఉమ ఒక్కతే కాపెల్ వెళ్ళొచ్చింది. ఎందుకెళ్ళావన్నాను. నువ్వు చెప్పింది నీ పేరు, నాది నేనే చెప్పుకోవాలని వెళ్ళాను అంది. గీతాంజలి వాళ్ళ గుమ్మంలోనే నిలబడి అరగంట మాట్లాడి వచ్చిందట.

లోపలికి పిలవలేదా అని అడిగాను.

పిలిచింది, నేనే వెళ్ళలేదు అంది.