గ్రౌండులో కొత్త రూలు

అక్కా,

ఫోనులో చెబితే సగంలోనే నీకు కోపం వస్తుంది, నీ కోపం విని నేను మిగతా సగం మింగేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను. మొత్తం చదివాకే బావకి చెప్పు. నేను ఫుట్‌బాల్ కోచింగ్ మానేస్తున్నాను.

పగలంతా ఏసీలూ ఫ్రిజ్జులూ బాగుచేస్తూ తిరిగినా, సాయంత్రమయ్యేసరికి నా ప్రాణం గ్రౌండు మీదకి లాగేస్తుందని నీకు తెలుసు. జీతం భత్యం లేని పని. పిల్లలు నన్ను 'ఏసీ సార్' అంటారు. ఎండలో మాడ్చేవాడికి ఆ పేరేమిటని నీ మరదలు నవ్వుతుంది. ఆ నవ్వూ ఆ పిలుపూ నాకు చాలనుకున్నాను.

మొన్న కమిటీ మీటింగులో కొత్త సెక్రటరీ ఒక రూలు చదివింది. ఆవిడ పళ్ళ డాక్టరు. కోచ్ ఎవరైనా సరే, ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు. బండిలో దింపకూడదు, సామాన్ల గదిలోకి తీసుకెళ్ళకూడదు. కంటికి ఆనేంత దూరంలో ఇంకో పెద్దవాళ్ళు ఉండాలి. మెసేజులు తల్లిదండ్రులకే పెట్టాలి.

పిల్లల్ని వ్యానులో దింపేది నేను ఒక్కడినే. రేకుల షెడ్డులో ఉన్నవాళ్ళంతా నా వైపే చూశారు.

"ఎవరైనా ఏమైనా అన్నారా మేడమ్?" అన్నాను.

"ఒక తల్లి అడిగింది. ఫిర్యాదు కాదు, అడిగింది. అంతకన్నా నేను చెప్పకూడదు. రూలు అందరికీనండీ."

"అందరికీ అయితే అందరూ నన్నెందుకు చూస్తున్నారు?"

ప్రెసిడెంటు, అదే మన మందుల షాపాయన, నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. బయటికొచ్చాక ఫిట్‌నెస్ కోచ్ కుర్రాడు ఒక్కడే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "వదిలెయ్యండి సార్, మీరేంటో మాకు తెలీదా? ఇవన్నీ కాగితాల మీద ఉండే రూల్సు" అన్నాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అక్కా, ఇవాళ ప్రాక్టీసులో ఒక పిల్ల గోలు కొట్టి, అలవాటుగా నా అరచేతిని చరచడానికి పరుగెత్తుకొచ్చింది. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నా చేతుల్ని చూసుకుంటే నాకే పరాయివాడి చేతుల్లా అనిపించాయి. టోర్నమెంటు అయ్యేదాకా ఉంటాను. అప్పటిదాకా ఆ రూలుని ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాను. వేలెత్తి చూపడానికి ఎవరికీ సందు ఇవ్వను. ఆ తర్వాత విజిల్ వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేస్తాను.

ఈసారి నన్ను తిట్టకు.

నీ తమ్ముడు

*

అక్కా,

తిట్టొద్దంటే తిట్టావు. "పిల్లలకన్నా నీ పరువు ఎక్కువైందా?" అని రాసిన వాక్యం దగ్గర ఉత్తరం మడిచి పక్కన పడేశాను. మళ్ళీ తీసి చదవలేదు. ఇప్పుడు ఆ సంగతి కూడా మాట్లాడుకునే పరిస్థితిలో లేము.

శనివారం ప్రాక్టీసు మధ్యలో వాన దంచికొట్టింది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి తీసుకెళ్ళిపోయారు. పిడుగు ఒక్కతే మిగిలింది. మా టీములో అందరికన్నా చిన్నది, అందరికన్నా వేగంగా పరుగెత్తేది అదే, అందుకే ఆ పేరు. వాళ్ళమ్మ బేకరీలో పనిచేస్తుంది. ఫోను చేస్తే, "బస్సు ఇరుక్కుపోయింది సార్, మీ వ్యానులో దింపెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అంది. వ్యాను పక్కనే ఉంది. కానీ నా పంతం నాది. "దింపనమ్మా. మీరొచ్చేదాకా ఇక్కడే ఉంటాం" అన్నాను. గ్రౌండు ఊడ్చే పెద్దావిడని బతిమాలి, షెడ్డు ఆ చివర స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఈ చివర నేనూ పిడుగూ. రేకుల మీద వాన చప్పుడుకి మా మాట ఆవిడకి వినబడదు, మేము మాత్రం కనబడతాం.

పిడుగు చాలాసేపు బూటు మట్టి గీకుతూ కూర్చుంది. ఉన్నట్టుండి, "సార్, రూలు మీకు ఒక్కరికేనా?" అంది.

"అందరికీనే."

"మరి అన్న ఎందుకు పాటించట్లేదు?"

పిల్లలు ఫిట్‌నెస్ కోచ్‌ని అన్న అంటారు. "ఏం జరిగింది?" అని ఒక్కమాట అడిగి ఊరుకున్నాను. తను వానని చూస్తూ చెప్పింది. వాళ్ళమ్మ ఫోనుకి కాకుండా తన ట్యాబుకి మెసేజులు పెడతాడట, చదవగానే తీసెయ్యమంటాడట. నువ్వు మిగతావాళ్ళలాంటి దానివి కాదు, సెలెక్షన్‌కి నేనే పంపిస్తాను అంటాడట. స్పెషల్ ప్రాక్టీసని సామాన్ల గదిలోకి రమ్మని, కాళ్ళు పట్టేసిందా అని తొడ నొక్కాడట. ఆదివారం కూడా ఒక్కదాన్నే రమ్మన్నాడట. ఇది మనిద్దరి మధ్యే ఉండాలన్నాడట.

"ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యండి సార్."

"ఒట్టు వెయ్యలేనమ్మా. నిన్ను కాపాడగలిగినవాళ్ళకి చెప్పాలి. కానీ నీకు తెలియకుండా ఏదీ చెయ్యను. నువ్వు చెప్పడం చాలా మంచిపని. తప్పు నీది కాదు."

సరిగ్గా అప్పుడే గొడుగు వేసుకుని వాడు వచ్చాడక్కా. నవ్వుతూ వచ్చాడు. "మీరు బయల్దేరండి సార్, పనులుంటాయి. ఫ్రెండు కారు ఉంది, పాపని నేను దింపేస్తా."

పిడుగు బ్యాగుని గుండెకి హత్తుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. వాడి గొంతు పట్టుకోవాలని నా ఒళ్ళంతా ఉడికిపోయింది. పట్టుకుంటే వాడు జాగ్రత్తపడతాడు, పిల్ల ఇంకా బెదిరిపోతుంది. అదొక్కటే నన్ను ఆపింది.

"అక్కర్లేదు. వాళ్ళమ్మ వస్తోంది."

"ఆ డాక్టరమ్మ మాట మరీ ఇంతలా పట్టుకున్నారేంటి సార్!"

"పట్టుకున్నాను. నువ్వెళ్ళు."

వెళ్ళలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడి ఏదో సరదాగా మాట్లాడుతూనే ఉన్నాడు. పిడుగు తల ఎత్తలేదు. నేను లేచి ఇద్దరికీ మధ్యలో నిలబడ్డాను. ఆ చివర పెద్దావిడకి ఏం తోచిందో, స్టూలు చంకలో పెట్టుకుని వచ్చి పిడుగు పక్కన వేసుకుని కూర్చుంది. వాళ్ళమ్మ తడుస్తూ గేటులోకి వచ్చేదాకా వాడు కదల్లేదు.

వాడు వెళ్ళాక, పిడుగు ముందరే వాళ్ళమ్మకి అంతా చెప్పాను. ఆవిడ కూతురి తల తన కడుపుకి అదుముకుని అలాగే నిలబడింది. ముగ్గురం ఎక్కడికి వెళ్ళామనుకున్నావు? ఎవరి మొహం చూడకూడదనుకున్నానో ఆ డాక్టరమ్మ క్లినిక్‌కే. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాయన్ని పంపేసి, మాస్కు తీసి, మొత్తం వింది. పిడుగుని మళ్ళీ మళ్ళీ అడగలేదు. అక్కడి నుంచే పోలీసులకి ఫోను చేసింది, ప్రెసిడెంటుకి తర్వాత చేసింది.

ఇప్పుడు వాడేమంటున్నాడో తెలుసా? "రూలు పెట్టిందే ఏసీ సార్ వల్ల. ఆయన తన బురద నా మీద చల్లుతున్నాడు" అంటున్నాడు. నమ్మేవాళ్ళు ఉన్నారక్కా. విచారణ తేలేదాకా మేమిద్దరం గ్రౌండులో అడుగుపెట్టకూడదని కమిటీ తేల్చింది. డాక్టరమ్మ కూడా, "మీరూ దూరంగా ఉండాలండీ, తప్పదు" అంది. మా వీధిలో రోజూ పలకరించే టైలరు ఇవాళ నన్ను చూసి కుట్టుమిషను వైపు తిరిగిపోయాడు. నీ మరదలు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటోంది. ముద్ద దిగడం లేదు.

నన్ను ఏమన్నా అననీ. ఆ పిల్ల మాటని అబద్ధమంటారేమోనని భయంగా ఉంది.

తమ్ముడు

*

అక్కా,

నువ్వొచ్చి వెళ్ళాక ఇల్లు బోసిగా ఉంది. గుమ్మంలో నిలబడి టైలరుని కేకేసి మరీ పలకరించావు చూడు, అప్పటి నుంచీ అతను మా ఇంటి ముందు మెల్లగా నడుస్తున్నాడు.

తేలింది. ఒక పోలీసావిడ యూనిఫాం లేకుండా వచ్చి, పిల్లలతో వాళ్ళ వాళ్ళ అమ్మల్ని పక్కన పెట్టుకుని మాట్లాడింది. పిడుగు చెప్పిందే ఇంకో ఇద్దరు పిల్లలు చెప్పారు, ఒకళ్ళు చెప్పింది ఒకళ్ళకి తెలియకుండా. వాడు ఇంతకుముందు పనిచేసిన క్లబ్బులో కూడా గుసగుసలు వస్తే, గొడవెందుకని మంచి సర్టిఫికెట్ ఇచ్చి సాగనంపారట. పోలీసులు వాణ్ణి తీసుకెళ్ళారు, కేసు నడుస్తోంది. ప్రెసిడెంటు మా ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చుని, "అప్పుడు నేను నోరు విప్పాల్సింది" అన్నాడు. టీ తాగి వెళ్ళమన్నాను.

కానీ నీకు ఈ ఉత్తరం రాసేది అందుకు కాదు. ఆరోజు కమిటీని అడిగిన తల్లి ఎవరో తెలిసింది. పిడుగు వాళ్ళమ్మే! నిన్న బేకరీ ముందు కనబడి తనే చెప్పింది.

"మీ గురించి కాదు సార్. పిల్ల ప్రాక్టీసుకి వెళ్ళనని మొండికేస్తోంది, అడిగితే చెప్పట్లేదు. ఎవరో ఏంటో నాకూ తెలీదు. కోచులు పిల్లల్తో ఒక్కళ్ళే ఉండొచ్చా అని డాక్టరమ్మని అడిగా, అంతే. మీమీద అనుమానముంటే వ్యానులో దింపమంటానా?"

నిజమే కదా. ఆ వానలో ఆవిడ నన్నే దింపమంది. ఆ మాట నా చెవిలో పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. ఎవరో నన్ను అనుమానించారని నేను కుమిలిపోతున్న రోజుల్లో, ఒక తల్లి తన పిల్లకి ఏమైందో తెలియక అల్లాడిపోతోంది. నువ్వు రాసిన ఆ వాక్యం మళ్ళీ తీసి చదివాను. ఈసారి ఉత్తరం మడవలేదు.

ఒకవేళ ఆవిడ నన్నే అనుమానించినా అడగాల్సిందే అక్కా. ఇది నాకు ఒంటబట్టడానికి టైము పట్టింది. ఇంకా కొంచెం గుచ్చుకుంటూనే ఉంది, నీ దగ్గర దాచడమెందుకు. కమిటీ నన్ను మళ్ళీ రమ్మంది, విజిల్ నా మెడలోనే ఉంది. మానడం లేదు.

పిడుగు చాన్నాళ్ళు రాలేదు. వచ్చినా మొదట్లో వాళ్ళమ్మ పక్కన గీత అవతలే కూర్చునేది. రమ్మని నేను పిలవలేదు, పిలవొద్దని పిల్లలకీ చెప్పాను. ఇవాళ బూట్లు కట్టుకుని, ఎవరినీ చూడకుండా, తన చోటికి వెళ్ళి నిలబడింది. మొదట్లో బంతి వస్తే భయపడినట్టు పక్కవాళ్ళకి తోసేసింది. తర్వాత ఎప్పుడు ఊపందుకుందో నేను చూడలేదు. పక్కపిల్ల బంతి తన్నగానే ఒక్క ఉదుటున ముగ్గురిని దాటేసి, దాన్ని అందుకుని గోలు కొట్టేసింది. నేను విజిల్ ఊది, బంతి తన్నకముందే అందర్నీ దాటేశావు, ఆఫ్‌సైడ్ అన్నాను.

గ్రౌండంతా అదిరిపోయేలా అరిచింది అక్కా. "ఎక్కడ సార్ ఆఫ్‌సైడూ? కళ్ళు పెట్టుకుని చూశారా? ఇదిగో, ఇది ఇక్కడ నిలబడింది, నేను దీని వెనకాల ఉన్నా!" అని డిఫెండరు పిల్లని చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టి, కాలితో నేల మీద గీతలు గీసి, నాతో దెబ్బలాట పెట్టుకుంది. గీత అవతల వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

ఆఫ్‌సైడేలే. కానీ వెంటనే తేల్చెయ్యకుండా, ఆ పిల్ల గొంతు బొంగురుపోయేదాకా నాతో వాదించనిచ్చాను.

నీ తమ్ముడు,
ఏసీ సార్