వేణువు వెనక ఊపిరి

శనివారం, రాత్రి

మా పెళ్లిరోజు కదా అని నేనూ లలితా పాటలు వినడానికి మాదాపూర్‌లోని ఆడియో షోరూమ్‌కి వెళ్లి, మనిషంత ఎత్తు స్పీకర్ల ముందు కళ్లు మూసుకుని కూర్చున్నాం. వేణువు మొదలయ్యాక స్పీకర్లు మాయమై, వాయించే మనిషే మా ఎదురుగా ఉన్నట్టనిపించింది.

"ఊపిరి తీసుడు గూడ వినవడ్తుంది గదా!" అంది లలిత.

నాకు వినపడలేదు. అయినా తలూపాను. కొన్ని నెలలుగా సన్నని శబ్దాలు ఒక్కొక్కటే నాకు దూరమవుతున్నాయి. ఆమెకు చెప్పలేదు.

కాసేపటికి ఆమె నా చెయ్యి అందుకుంది. వేణువు ఆగినప్పుడల్లా అరచేతిలో వేలితో మెల్లగా నొక్కింది. అక్కడ ఊపిరి ఉందన్నమాట. పాట అయ్యేదాకా అలాగే విన్నాను.

బయటికొచ్చాక, "సోమవారం చెవుల డాక్టర్ దగ్గరికి పోదాం. ఫికర్ జెయ్యకు," అంది.

ఎప్పుడు కనిపెట్టిందో మరి. అరచెయ్యి ఇంకా వెచ్చగా ఉంది...