బిళ్ళలకు పోసిన నీళ్లు

హుస్సేనీ ఆలం,
12 ఏప్రిల్ 2003

చిరంజీవి రాగసుధకు నాయనమ్మ దీవెనలు.

ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. ‘మా నాన్న చేసే, నేలకు పరిచే ఫర్షీ బిళ్ళల వల్ల గాలి శుభ్రపడుతుందని బడిపిల్లలకు చెప్పాను’ అని రాశావు. సిమెంటు తగ్గించి మీ రామగుండం కరెంటు ఫ్యాక్టరీ బూడిద కలిపితే, ఆ మేరకు సిమెంటు బట్టీల పొగ తగ్గుతుంది, నిజమే. ఆ లాభం ఆకాశానికి. ఉప్పుగూడలో మన షెడ్డు గాలి సంగతి నువ్వు చెప్పలేదు, నీకెవరూ చెప్పలేదు గనక. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం. అందులో ఎంత నిజమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

నువ్వడిగిన వాటికి జవాబులు. నా మోకాళ్లు నా వయసుకు తగ్గట్టే ఉన్నాయి. నీ నీలం చీర రంగు దిగింది, కొన్నప్పుడే చెప్పాను. రోడ్డు వెడల్పు పని మన మలుపు దాకా వచ్చి, వైకుంఠం గారి దుకాణం ముందు గోడ కూల్చేశారు. ఆ రాళ్లనే మీ నాన్న క్రషర్‌లో నలగ్గొట్టి బిళ్ళలు పోస్తే, అవే ఆయన గుమ్మం ముందు పరిచారు. తన గోడ మీద తనే చెప్పులు విడుస్తున్నానని ఆయన వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు.

బూడిద బిళ్ళలు సోమరివి, నెమ్మదిగా గట్టిపడతాయి. మామూలు వాటికంటే ఎక్కువ రోజులు తడపకపోతే విరుగుతాయి. నలగ్గొట్టే ముందు రాళ్ల మీద కూడా నీళ్లు చల్లాలి, దుమ్ము లేవకుండా. నల్లా చూస్తే రోజు విడిచి రోజు. రెంటికీ చాలవు. “బిళ్ళ పగిలితే ఆర్డర్ పోతదమ్మా. దుమ్ముదేముంది, దులుపుకుంటే పోతది” అన్నాడు మీ నాన్న. నీళ్లు బిళ్ళలకే పోశారు, రాళ్లు పొడిగానే ఆడించారు. సాయంత్రానికి అందరూ పిండిమరలోంచి వచ్చినట్టు ఉండేవారు. చూసి నవ్వుకున్నాం కూడా.

మాణిక్యమ్మ ఎందుకు కబురు పంపడం లేదని అడిగావు. క్రషర్ నోట్లో రాళ్లు వేసేది ఆవిడే గదా. దగ్గు పట్టుకుంది. టీబీ అని మందులిచ్చారు. మందులన్నీ మింగింది, దగ్గు మాత్రం పోలేదు. చూడ్డానికి వెళితే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. “పండుకుంటే ఊపిరాడ్తలేదమ్మా” అంది. దగ్గు తెరిపిచ్చాక, “బిళ్ళలకు నీళ్లు కొట్టిన్రా?” అని అడిగింది. శివరాత్రి వెళ్లిన వారం పోయింది. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకు తిప్పిన మనిషి. తెలిస్తే ఉద్యోగం వదిలి పరుగెత్తుకొస్తావని, రాయనని మీ నాన్న నా చేత ఒట్టేయించుకున్నాడు.

ఆ ఒట్టు ఇవాళ ఎందుకు తప్పానంటే, ఆవిడ చోట ఇప్పుడు మీ నాన్న నిలబడుతున్నాడు. ఇంకొకరిని అక్కడ నిలబెట్టడానికి మనసొప్పలేదట. మెచ్చుకోవాలో చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. దగ్గు కూడా అదే దగ్గు. ఎక్సరే తీయించాను. డాక్టరు టీబీ అన్నాడు. ఏం పని చేస్తావని అడగలేదు. నేను చెప్పబోతే “మీరు కూర్చోండి పెద్దమ్మా” అన్నాడు. మాణిక్యమ్మ మింగిన మందులే రాసిచ్చాడు.

నిన్న షెడ్డుకు వెళ్లి, నల్లా రాగానే పైపు లాగి రాళ్ల మీద పెట్టాను. “బిళ్ళలు పగుల్తయమ్మా” అన్నాడు. పగలనీ అన్నాను. లొల్లి పెట్టుకుంటాడనుకున్నాను. పెట్టుకోలేదు. అంత ఊపిరి లేక మెట్టు మీద కూలబడ్డాడు.

బూడిద లారీ డ్రైవర్ అమరనాథ్ ఆదివారం మీ వైపు వస్తాడు. పాత క్యాలెండర్‌లో చుట్టిన ఎక్సరే ఇస్తాడు, తీసుకో. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల ఛాతీలు చూసే డాక్టరు మీ దగ్గర ఉంటాడు కదా, ఆయనకు చూపించు. ఎక్సరే చేతిలో పెట్టే ముందే, పొడి రాళ్లు నలగ్గొట్టే మనిషిదని చెప్పు. ఆయన ఏమంటే అది ఉన్నదున్నట్టు నాకు రాయి, మీ నాన్నకు కాదు. ఫిల్ము మడత పెట్టకు.

ఇట్లు,
ఒట్టు తప్పిన మీ నాయనమ్మ,
రాజరాజేశ్వరి