దీర్ఘం లేని శ్రీ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆకెన్ ఊరి లైబ్రరీలో నీ కార్డు రద్దు చేయించడానికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే అక్కడి ఆవిడ నీకిష్టమైన స్కాట్లాండ్ రచయిత్రి కొత్త నవల చేతికిచ్చింది.

"అరవై మంది వరసలో ఉన్నారు. మొదటి పేరు మీ అక్కగారిదే."

నువ్వు లేవని చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి తెరిచాను. ఇంకెవరూ ముట్టని ఆ పుస్తకం మొదటి పేజీ పైన పెన్సిల్‌తో 'శ్రి' అని ఉంది. నాన్న ఎంత తిట్టినా, "దేవుడికి అర్థమవుతుందిలే" అంటూ నువ్వు దీర్ఘం పెట్టేదానివి కాదు. నేను పెట్టబోయి ఆగాను.

పుస్తకం నీ కుర్చీలో ఉంచాను. గడువు మూడు వారాలే. వెనక అంతమంది ఉన్నారు కాబట్టి పొడిగించరట.

త్వరగా చదివెయ్.