అనకాపల్లి బ్రాంచిలో నా ఫోటో

కోటవురట్ల అత్తయ్యకు,

ఫోన్లో అడిగితే ఏడ్చేస్తానని కాగితం మీద రాస్తున్నాను.

నేను పనిచేసే పెళ్లి సంబంధాల ఆఫీసు కంప్యూటర్‌ని ఇవాళ ఎక్కడో హైదరాబాదులో ఉన్న సర్వర్‌కి కలిపారు. ఇకనుంచి అన్ని బ్రాంచీల వివరాలూ మా నర్సీపట్నం ఆఫీసులోనే కనిపిస్తాయట.

"కనెక్షనొచ్చిందో లేదో, మీ ఊరి పేరు కొట్టి సూడమ్మా" అన్నారు మా ఓనరు గణేశ్వరరావు గారు.

కొట్టాను. మొదట వచ్చింది నా ఫోటోనే! అనకాపల్లి బ్రాంచిలో నమోదైంది. 'భర్త మరణించారు. పిల్లలు లేరు. వివరాలు ఇచ్చినవారు: తల్లి.'

మా అమ్మ పోయి పదేళ్లయింది కదా! ఈ తల్లి ఎవరా అని కింద చూస్తే, ఫోన్ నంబరు మీది.

నాతో ఒక్క మాటైనా అనకుండా ఇంత పని ఎలా చేశారు? మొన్న ఆదివారం నేనొచ్చినప్పుడు కూడా "బేగి తినమ్మా, బస్సెల్లిపోద్ది" అన్నారే తప్ప నోరు విప్పలేదు.

కోపంతో నా పేరు తీసెయ్యబోయాను. అప్పుడు చూశాను ఫోటోని సరిగ్గా. అది మా పెళ్లి ఫోటో. మీ అబ్బాయిని కత్తిరించేశారు గానీ, నా భుజం మీద ఆయన వేళ్లు అలాగే ఉన్నాయి.

వాటినీ తీసెయ్యడానికి మీకు మనసొప్పలేదా, అత్తయ్యా?

మీ కోడలు