భుజం దగ్గర విడిన కుట్టు

బండి తియ్యకముందు ఇది చదువు. హ్యాండిల్ బోల్టులు వదులు చేసి, నీ వైపుకి తిప్పి మళ్లీ బిగించాను. స్టార్ట్ చెయ్యకుండానే ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పి చూడు. ట్యాంకుకి తగలకూడదు, క్లచ్ వైరు బిగుసుకోకూడదు. కూర్చుంటే మోచేతులు కాస్త వంగాలి. అద్దాలు నువ్వే సరిచేసుకో. ముందు మన వీధిలోనే ఒక చుట్టు తిరిగి రా.

నీ డ్యూటీ చొక్కా వీపు వైపు భుజం దగ్గర మళ్లీ విడిపోతే నిన్న కుడుతూ కూర్చున్నాను. పోయినసారి "బండి నడుపుతున్నావా, కుస్తీ పడుతున్నావా?" అని మీ అక్క ముందు నవ్వాను. భుజం నొప్పి అని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు. సూది చేతిలో ఉండగా తట్టింది, చెయ్యి హ్యాండిల్‌కి అందక ముందుకి సాగితేనే కుట్టు అక్కడ విడుతుందని. ఊరందరికీ కొలతలు తీసే దర్జీని, నీ మొగుణ్ణి, నా చేతులకి సరిపడా పెట్టించుకున్న హ్యాండిల్‌ని అలాగే నీకు అప్పజెప్పాను. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది. అందుకే నువ్వు లేవకముందే కొట్టుకి నడిచి వెళ్తున్నాను.

చొక్కా కుర్చీ మీద ఉంది. ఈసారి గట్టిదనం కోసం వేసే రెండో కుట్టు కావాలనే వెయ్యలేదు. మళ్లీ విడిందంటే హ్యాండిల్ ఇంకా సరిపోలేదన్నమాట. అప్పుడు నన్ను మీ అక్క ముందే తిట్టు.